పుట్: ఒక ఇంగ్లీషు క్రియ, దాని అర్థం, ప్రయోగం

‘పుట్’ అనేది ఒక వస్తువు ఒక చోట ఉండేట్టు చేయడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియ. తెలుగులో సందర్భాన్ని బట్టి దీనికి పెట్టు, ఉంచు, వేయు, పోయు వంటి క్రియలు సరిపోతాయి. ఇంగ్లీషు మాతృభాషగా పెరిగే పిల్లలు చాలా చిన్న వయసులోనే పలికే క్రియల్లో ఇదొకటి. అయినా నిఘంటుకారులకు మిక్కిలి శ్రమ ఇచ్చిన పదాల్లోనూ ఇదే ముందుంటుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 నాటి రెండో కూర్పులో అన్నిటికన్నా పొడవైన వివరణ ‘సెట్’ అనే క్రియది. తర్వాతి సవరణల్లో 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’, 2011లో ‘రన్’ వరుసగా ఆ స్థానాన్ని అందుకున్నాయి.

ఇంత చిన్న మాటకు అంత పెద్ద వివరణ అవసరం కావడానికి కారణం దాని అర్థంలోనే ఉంది. ‘పుట్’ తనంతట తాను చెప్పేది చాలా తక్కువ. ఎలా పెట్టారో, ఏ భంగిమలో పెట్టారో, ఎంత జాగ్రత్తగా పెట్టారో అది చెప్పదు. ఆ వివరాలన్నీ దాని పక్కన చేరే కర్మ, స్థలాన్ని సూచించే పదబంధం, చిన్న అవ్యయాలు పూరిస్తాయి. అందుకే పక్కన చేరే మాట మారినప్పుడల్లా అర్థం కూడా మారుతుంది.

రూపాలు

‘పుట్’కు వర్తమాన రూపం, భూతకాల రూపం, భూతకాల కృదంతం మూడూ ఒకటే. ప్రథమ పురుష ఏకవచనంలో, వర్తమానంలో ‘పుట్స్’ అవుతుంది. కొనసాగే చర్యను చెప్పే ‘పుటింగ్’ రాతలో ‘టీ’ అక్షరం రెండుసార్లు వస్తుంది. కట్, హిట్, సెట్, షట్, లెట్, కాస్ట్, హర్ట్ కూడా ఈ రకం క్రియలే. ఇవన్నీ ‘ట’కారంతో ముగుస్తాయి. మధ్యయుగపు ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి భూతకాల ప్రత్యయం ఉండేది. ధాతువు చివరి ‘ట’తో ఆ ప్రత్యయం కలిసిపోయింది. పదాంతంలోని బలహీనమైన అచ్చు కూడా తర్వాత లోపించడంతో రెండు కాలాల రూపాలూ ఒకటైపోయాయి.

దీనివల్ల ‘దే పుట్ ద బాక్సెస్ హియర్’ అన్న వాక్యానికి ‘వాళ్ళు పెట్టెలు ఇక్కడ పెడతారు’ అనీ, ‘పెట్టారు’ అనీ రెండు అర్థాలు వస్తాయి. ఏది ఉద్దేశమో ‘ఎవ్రీ డే’, ‘యెస్టర్‌డే’ వంటి కాలవాచకాలు తేలుస్తాయి. కర్త ‘హీ’ లేదా ‘షీ’ అయితే సందేహం రాదు. వర్తమానంలో చివర ‘స్’ తప్పనిసరి కాబట్టి, అది లేని ‘హీ పుట్’ భూతకాలమే అవుతుంది.

ఉచ్చారణ

బి-యు-టి ‘బట్’ అయినప్పుడు పి-యు-టి ‘పుట్’ ఎందుకైందన్న ప్రశ్న తెలుగు నేల మీద ఇంగ్లీషు తరగతుల్లో తరతరాలుగా వినబడుతోంది. దానికి సమాధానం ధ్వని చరిత్రలో దొరుకుతుంది. ఒకప్పుడు ఈ రెండు మాటల్లోనూ హ్రస్వ ఉకారమే పలికేవారు. 17వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండులో ఆ ఉకారం చాలా పదాల్లో పెదవుల గుండ్రదనాన్ని కోల్పోయి, నేటి ‘బట్’, ‘కట్’, ‘సన్’ మాటల్లో వినిపించే ధ్వనిగా మారింది. పెదవులతో పలికే హల్లుల తర్వాత కొన్ని మాటల్లో మాత్రం పాత ఉకారమే నిలిచింది. పుట్, పుల్, పుష్, ఫుల్, బుల్, బుష్ అలా నిలిచినవే. అయితే ఇది అన్నిచోట్లా పాటించిన నియమం కాదు. ‘బట్’, ‘బడ్’, ‘ఫన్’ కూడా పెదవుల హల్లులతోనే మొదలైనా మార్పుకు లోనయ్యాయి. ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లో ఈ మార్పు జరగనే లేదు. అక్కడ నేటికీ ‘పుట్’కూ ‘బట్’కూ ప్రాస కుదురుతుంది. అక్షరక్రమం ఈ మార్పుకు ముందే చాలావరకు స్థిరపడటంతో రాత ఒకలా, పలుకు మరోలా మిగిలాయి.

పుట్టుక

‘పుట్’ మొదటి అర్థం పెట్టడం కాదు, నెట్టడం. ప్రాచీన ఇంగ్లీషులో దీనికి దగ్గరి రూపాలు కొన్ని దొరుకుతాయి. పొడవడం, నెట్టడం, కొమ్ములతో కుమ్మడం వాటి అర్థాలు. అదే కుటుంబానికి చెందిన ఒక నామవాచకానికి పురికొల్పడం అన్న అర్థం ఉంది. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘పుట్టెన్’ మొదట తోయడం, దూర్చడం అన్న అర్థాల్లో వాడుకైంది. తోసిన వస్తువు చివరకు ఒక చోటికి చేరుతుంది. కాలక్రమంలో తోసే బలం మీది దృష్టి తగ్గి, చేరిన చోటి మీద దృష్టి పెరిగింది. అలా ‘తోయు’ క్రమంగా ‘పెట్టు’ అయింది. ఇంతకన్నా వెనక్కి వెళ్తే దీని మూలం స్పష్టంగా తేలదు.

అంతకుముందు ఇంగ్లీషులో ఈ పని చేసిన క్రియలు వేరు. నేటి ‘సెట్’, ‘లే’, ‘డూ’ మాటల ప్రాచీన రూపాలే అవి. ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చునేట్టు చేయడం. ‘లై’ అంటే పడి ఉండటం, ‘లే’ అంటే పడి ఉండేట్టు చేయడం. ‘డూ’కు నేడు ‘చేయు’ అన్న అర్థం ఉన్నా, ప్రాచీన కాలంలో ‘పెట్టు’ అన్న అర్థం కూడా ఉండేది. బట్టలు ధరించడాన్ని చెప్పే ‘డాన్’, విప్పడాన్ని చెప్పే ‘డాఫ్’ నిజానికి ‘డూ ఆన్’, ‘డూ ఆఫ్’ల కుదింపులే. నేటి ‘పుట్ ఆన్’కు ‘డాన్’ పూర్వరూపం వంటిది.

ఈ ‘డూ’కు సంస్కృతంలోని ‘ధా’ ధాతువుతో చుట్టరికం ఉంది. రెండూ ఇండో-యూరోపియన్ మూలభాషలో ‘పెట్టు, ఉంచు’ అన్న అర్థమున్న ఒకే ధాతువు సంతానం. తెలుగులోకి వచ్చిన సంస్కృత పదాల్లో నిధి, విధి, సంధి, ఉపాధి, సమాధి, అవధానం ఈ ‘ధా’ నుంచి పుట్టినవే. లోపల ఉంచినది నిధి, కలిపి ఉంచడం సంధి, మనసును ఒకచోట నిలిపి ఉంచడం అవధానం. గ్రీకులో ఇదే ధాతువు నుంచి ‘థీసిస్’, ‘సింథసిస్’ మాటలు వచ్చాయి. లాటిన్‌లో ‘పెట్టు’ అన్న అర్థానికి ‘పోనెరె’ అనే వేరే క్రియ ఉంది. పొజిషన్, డిపాజిట్, కాంపొనెంట్, అపోనెంట్, పోస్ట్‌పోన్ దాని నుంచి వచ్చాయి. భారతీయ ఇంగ్లీషులో అనుకున్న తేదీ కన్నా ముందుకు జరపడాన్ని ‘ప్రీపోన్’ అంటారు. ఆ మాట కూడా ‘పోస్ట్‌పోన్’ను చూసి కట్టుకున్నదే.

మూలార్థం

‘పుట్’ చెప్పే సంఘటనలో ముగ్గురు భాగస్వాములు ఉంటారు. పెట్టేవారు ఒకరు, పెట్టబడే వస్తువు ఒకటి, అది చేరే చోటు ఒకటి. పెట్టేవారి చర్య ఫలితంగా వస్తువు ఆ చోటికి చేరి, అక్కడ ఉంటుంది. సాధారణంగా వస్తువు చోటు చేరేదాకా పెట్టేవారి చేతి అదుపులోనే ఉంటుంది. విసరడాన్ని చెప్పే ‘త్రో’కూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. విసిరిన వస్తువు చేయి దాటాక తన దారిన తాను పోతుంది. పెట్టిన వస్తువు చేతి నుంచి నేరుగా చోటికి చేరుతుంది.

చోటు నిజమైనదే కానక్కర లేదు. స్థితిని, సంబంధాన్ని, సంఖ్యను కూడా ఇంగ్లీషు చోటుగానే భావించి ‘పుట్’ను వాడుతుంది. ‘పుట్ హర్ ఇన్ ఛార్జ్’ అంటే ఆమెకు బాధ్యత అప్పగించడం. ‘పుట్ హిమ్ అట్ ఈజ్’ అంటే అతని బెరుకు పోగొట్టడం. ‘పుట్ టు డెత్’ అంటే మరణశిక్ష అమలు చేయడం. ‘పుట్ ద కాస్ట్ అట్ టెన్ లాఖ్స్’ అంటే ఖర్చు పది లక్షలని అంచనా కట్టడం. మాటల్లోకి తేవడం కూడా ఈ కోవదే. ‘పుట్ ఇంటూ వర్డ్స్’ అంటే భావానికి మాటల రూపమివ్వడం, ‘టు పుట్ ఇట్ బ్రీఫ్లీ’ అంటే క్లుప్తంగా చెప్పాలంటే అని. ఈ చివరి ప్రయోగంలో చోటు స్థానాన్ని ‘ఎలా’ అన్న వివరణ ఆక్రమిస్తుంది.

వాక్య నిర్మాణం

కర్మ, చోటు రెండూ ఉంటేనే ‘పుట్’ వాక్యం పూర్తవుతుంది. ‘షీ పుట్ ద కీ ఇన్ ద డ్రాయర్’ సరైన వాక్యం. ‘షీ పుట్ ద కీ’ అంటే చోటు లోపించింది, ‘షీ పుట్ ఇన్ ద డ్రాయర్’ అంటే కర్మ లోపించింది. ఇంగ్లీషులో చాలా క్రియలకు చోటు చెప్పడం ఐచ్ఛికం. దాన్ని తప్పనిసరిగా కోరేవి కొన్నే ఉన్నాయి, వాటికి పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇచ్చే ఉదాహరణ ‘పుట్’. క్రియ విధానం గురించి ఏమీ చెప్పదు కాబట్టి, చోటు కూడా చెప్పకపోతే వినేవారికి దక్కే సమాచారం దాదాపు శూన్యం.

నింపడం, ఎక్కించడం వంటి క్రియలతో పోల్చితే మరో సంగతి బయటపడుతుంది. ‘లోడ్’ను రెండు రకాలుగా వాడవచ్చు. బస్తాలను లారీలోకి ఎక్కించారనీ చెప్పవచ్చు, లారీని బస్తాలతో నింపారనీ చెప్పవచ్చు. ‘ఫిల్’కు పాత్రే కర్మ అవుతుంది, అందులో పోసేది కాదు. ‘పుట్’కు కదిలే వస్తువే కర్మ అవుతుంది, పాత్ర కాదు. అమెరికా భాషాశాస్త్రవేత్త బెత్ లెవిన్ 1993లో ప్రచురించిన ఇంగ్లీషు క్రియల వర్గీకరణ గ్రంథంలో ఇటువంటి ప్రవర్తనల ఆధారంగానే క్రియలను వర్గాలుగా విభజించారు. చోటు మార్చే క్రియల్లో మొదటి వర్గానికి అందులో ‘పుట్’ పేరే పెట్టారు.

చోటు కోసం ‘పుట్’ చూసే ఎదురుచూపు వినేవారి మనసులో కూడా కనిపిస్తుంది. మైఖేల్ టానెన్‌హాస్, ఆయన సహచరులు 1995లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగం దీన్ని చూపింది. ఎదురుగా తువ్వాలు మీద ఒక యాపిల్, పక్కన ఖాళీ తువ్వాలు, ఒక పెట్టె ఉంచి, ‘పుట్ ద యాపిల్ ఆన్ ద టవల్ ఇన్ ద బాక్స్’ అని చెప్పారు. తువ్వాలు మీదున్న యాపిల్‌ను పెట్టెలో పెట్టమని దాని భావం. అయితే ‘ఆన్ ద టవల్’ వినగానే చాలాసార్లు శ్రోతల చూపు ఖాళీ తువ్వాలు మీదికి వెళ్ళింది. క్రియ కోరిన చోటు అదేనని వారు తొందరపడ్డారు. ఎదురుగా రెండు యాపిల్స్ ఉన్నప్పుడు మాత్రం ఆ పొరపాటు రాలేదు, ఎందుకంటే ఏ యాపిల్ అన్నది చెప్పడానికే ఆ మాటలు అవసరమయ్యాయి. ఐదేళ్ళ పిల్లల మీద 1999లో వెలువడిన ఇలాంటి అధ్యయనంలో పిల్లలు తొలి ఊహను దిద్దుకోవడానికి చాలా ఇబ్బంది పడ్డారు. తెలుగు వాక్యంలో ఈ చిక్కు రాదు. క్రియ చివర వస్తుంది, పైగా ‘తువ్వాలు మీద ఉన్న యాపిల్’ అనడంలో ‘ఉన్న’ అనే మాట సందేహాన్ని ముందే తీర్చేస్తుంది.

సాటి క్రియలు

పెట్టడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియల్లో ‘ప్లేస్’, ‘సెట్’, ‘లే’ ముఖ్యమైనవి. ‘ప్లేస్’ ఫ్రెంచి ద్వారా వచ్చిన మాట. జాగ్రత్తగా, కచ్చితంగా, అనుకున్న చోట పెట్టడాన్ని చెబుతుంది, రాతలోనూ ఆదేశాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. ‘సెట్’ నిలకడగా, సరైన తీరులో అమర్చడానికి వాడతారు. గడియారాన్ని సరిచేయడం, భోజనాల బల్ల సిద్ధం చేయడం దీని పరిధిలోకి వస్తాయి. ‘లే’ వస్తువును పడుకోబెట్టినట్టు పెట్టడం. ఇటుకలు పేర్చడానికీ, తివాచీ పరచడానికీ ఇదే క్రియ, కోడి గుడ్లు పెట్టడానికీ ఇదే. వీటిలో చాలావాటి బదులు మామూలు మాటల్లో ‘పుట్’ వాడుకోవచ్చు, గడియారం, భోజనాల బల్ల, గుడ్ల వంటి విషయాల్లో తప్ప.

జర్మన్ భాషలో ఇంత వెసులుబాటు లేదు. నిలబెట్టినట్టు పెడితే ‘ష్టెలెన్’, పడుకోబెట్టినట్టు పెడితే ‘లేగెన్’, కూర్చోబెట్టినట్టు పెడితే ‘జెట్సెన్’, దూర్చితే ‘ష్టెకెన్’ అంటారు. సీసాను బల్ల మీద పెట్టడానికి ఒక క్రియ, పుస్తకాన్ని పెట్టడానికి మరో క్రియ కావాలి. కొరియన్ విభజన మరో రకం. వస్తువు బిగుతుగా అమరితే ‘కిదా’, వదులుగా లోపల పడితే ‘నోతా’ అంటారు. ఉంగరం వేలికి ఎక్కించడమూ, కలానికి మూత బిగించడమూ అక్కడ ఒకే క్రియ కిందికి వస్తాయి. ఇంగ్లీషులో ఒకటి ‘ఆన్’, మరొకటి ‘ఇన్’ అయ్యే సందర్భాలు కూడా కొరియన్‌లో బిగువును బట్టి ఒకటవుతాయి. సూంజా చోయ్, మెలిస్సా బోవర్‌మన్ 1991లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఇంగ్లీషు, కొరియన్ పిల్లలు రెండేళ్ళు నిండకముందే తమ తమ భాషల విభజనను అనుసరించడం మొదలుపెడతారు.

అవ్యయాలతో ఏర్పడే క్రియలు

‘పుట్’ పక్కన ఆన్, ఆఫ్, అప్, డౌన్ వంటి చిన్న మాటలు చేరి కొత్త క్రియలు ఏర్పడతాయి. చోటు స్థానాన్ని ఇక్కడ అవ్యయమే పూరిస్తుంది. కొన్నిటిలో పెట్టడమనే భావం స్పష్టంగా ఉంటుంది, కొన్నిటిలో పూర్తిగా కరిగిపోయింది.

‘పుట్ ఆన్’ అంటే ఒంటి మీద ధరించడం. దీపం, ఫ్యాన్, పాట ఆరంభించడానికీ, నాటకం ప్రదర్శించడానికీ, లేని భావం నటించడానికీ, బరువు పెరగడానికీ ఇదే వాడతారు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, మనసు విరిచేయడం కూడా. ‘పుట్ అవుట్’ మంటనూ దీపాన్నీ ఆర్పడం. ‘పుట్ అప్’ గోడకు తగిలించడం, కట్టడం లేపడం, అతిథికి బస ఇవ్వడం. ‘పుట్ డౌన్’ కింద పెట్టడం, తిరుగుబాటును అణచివేయడం, ఎదుటివారిని చులకన చేయడం, రోగంతో బాధపడే జంతువుకు వైద్యుడి చేత మరణం కల్పించడం. ‘పుట్ అవే’ వాడిన వస్తువును దాని చోట సర్దేయడం, ‘పుట్ అసైడ్’ పక్కన పెట్టడం, ‘పుట్ త్రూ’ ఫోన్ కలపడం, ‘పుట్ ఫార్వర్డ్’ ప్రతిపాదించడం, ‘పుట్ టుగెదర్’ భాగాలను కలిపి కూర్చడం.

వీటిలో చాలావాటికి లాటిన్ మూలపు సమానార్థకాలు ఉన్నాయి. ‘పుట్ ఆఫ్’కు పోస్ట్‌పోన్, ‘పుట్ అవుట్’కు ఎక్స్‌టింగ్విష్, ‘పుట్ టుగెదర్’కు అసెంబుల్, ‘పుట్ అప్ విత్’కు టాలరేట్. మాటల్లో మొదటి రకం సహజంగా వినిపిస్తుంది, కార్యాలయపు రాతలో రెండోది ఎక్కువ. తెలుగువారు ఇంగ్లీషును ఎక్కువగా పుస్తకాల ద్వారా నేర్చుకుంటారు కాబట్టి లాటిన్ మూలపు మాటలు వారికి ముందు పరిచయమవుతాయి. సంభాషణలో సులువు కోసం ‘పుట్’ కూటములను విడిగా అభ్యసించడం మేలు.

పదక్రమంలో ఒక నియమం గుర్తుంచుకోవాలి. కర్మ నామవాచకమైతే అవ్యయానికి ముందైనా, తర్వాతైనా రావచ్చు. ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ సరైనవే. కర్మ సర్వనామమైతే మధ్యలోనే రావాలి. ‘పుట్ ఇట్ ఆఫ్’ ఒప్పు, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. సహించడమన్న అర్థమిచ్చే ‘పుట్ అప్ విత్’ మాత్రం విడిపోదు. కర్మ ఎప్పుడూ దాని తర్వాతే వస్తుంది.

జాతీయాలు

‘పుట్’తో ఏర్పడిన నుడికారాలు ఇంగ్లీషులో విస్తారంగా ఉన్నాయి. ‘పుట్ వన్స్ ఫుట్ డౌన్’ అంటే ఇక కుదరదని గట్టిగా చెప్పడం. ‘పుట్ టూ అండ్ టూ టుగెదర్’ అంటే దొరికిన ఆనవాళ్ళను బట్టి సంగతి గ్రహించడం. ‘పుట్ ద కార్ట్ బిఫోర్ ద హార్స్’ అంటే ముందు చేయాల్సింది వెనక, వెనక చేయాల్సింది ముందు చేయడం. ‘పుట్ ఇన్ ఎ గుడ్ వర్డ్’ అంటే ఒకరి గురించి మరొకరి దగ్గర మంచిమాట చెప్పడం. ‘స్టే పుట్’ అంటే ఉన్నచోటే కదలకుండా ఉండటం. ఇందులో ‘పుట్’ క్రియగా కాక, పెట్టిన స్థితిని చెప్పే విశేషణంగా పనిచేస్తుంది.

ప్రత్యేక రంగాల్లో

పాత ‘తోయు’ అర్థం క్రీడల్లో నేటికీ బతికి ఉంది. షాట్‌పుట్‌లో ఇనుప గుండును విసరకూడదు, భుజం దగ్గర నుంచి ఒంటిచేత్తో తోయాలి. గుండు మెడకో గడ్డానికో ఆనుకుని ఉండాలి, భుజం వెనక్కి పోకూడదు. ఆ నియమమే దాని పేరులోనూ ఉంది. పురుషుల గుండు 7.26 కిలోలు, మహిళలది 4 కిలోలు. 2.135 మీటర్ల వ్యాసమున్న వలయం లోపల నుంచి తోయాలి. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్ నుంచి పురుషులకూ, 1948 లండన్ ఒలింపిక్స్ నుంచి మహిళలకూ ఈ పోటీ ఉంది. గోల్ఫ్ ఆటలో బంతిని గుంతలోకి నెమ్మదిగా నెట్టే ‘పట్’ కూడా స్కాట్లండులో ఇదే మాట పొందిన రూపం. అందుకే ‘పుటింగ్’, ‘పటింగ్’ రెండూ ఒకే అక్షరాలతో రాసినా పలుకు వేరు.

ఆర్థిక మార్కెట్లలో ‘పుట్ ఆప్షన్’ అంటే ఒక షేరునో సరుకునో ముందే ఒప్పుకున్న ధరకు, ఒప్పుకున్న గడువులోగా అమ్మే హక్కు. అమ్మి తీరాలన్న బాధ్యత మాత్రం ఉండదు. హక్కుదారు తన సరుకును ఎదుటి పక్షం చేతిలో ‘పెట్టేయగలడు’ కాబట్టి ఆ పేరు వచ్చింది. 950 రూపాయలకు అమ్మే హక్కు కొన్నాక షేరు ధర 900కి పడితే, షేరుకు 50 రూపాయల లాభం వస్తుంది. అందులో హక్కు కోసం చెల్లించిన ప్రీమియం తీసేయాలి. ధర పడకపోతే పోయేది ఆ ప్రీమియమే. 17వ శతాబ్దం చివర్లో లండన్ వ్యాపారులు అమ్మే హక్కులను ‘పుట్స్’ అనీ, కొనే హక్కులను ‘రెఫ్యూజల్స్’ అనీ పిలిచేవారు. 1734లో బ్రిటిష్ పార్లమెంటు బార్నార్డ్ చట్టంతో ఇలాంటి ఒప్పందాలను నిషేధించింది, 1860లో ఆ చట్టం రద్దయింది. షికాగో ఆప్షన్ ఎక్స్ఛేంజ్ 1973లో కొనే హక్కులతో మొదలై, 1977లో పుట్ ఆప్షన్లను చేర్చింది. భారతదేశంలో సూచీల మీద ఆప్షన్ల వ్యాపారం 2001 జూన్‌లో ఆరంభమైంది.

కంప్యూటర్ రంగంలో సి భాషలో తెర మీద అక్షరాలు చూపే ‘పుట్స్’ అనే ఆదేశం ఉంది. వెబ్ సర్వర్‌లో నిర్దేశించిన చిరునామాలో సమాచారాన్ని ఉంచమని కోరే అభ్యర్థన పేరు కూడా ‘పుట్’. అదే అభ్యర్థనను ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒక్కసారి పంపినట్టే ఉండాలన్నది దాని నియమం. లోపలికి పెట్టేది ఇన్‌పుట్, బయటికి వచ్చేది అవుట్‌పుట్. వీటిలో ఇన్‌పుట్ కంప్యూటర్ గదులకే పరిమితం కాలేదు. విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల వంటి పెట్టుబడి సామగ్రికి వ్యవసాయ శాఖ వాడే పేరు అది. పంట నష్టపోయిన రైతుకు ప్రభుత్వం ఇచ్చే ‘ఇన్‌పుట్ సబ్సిడీ’ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన మాట.

తెలుగులో సమానార్థకాలు

‘పుట్’కు తెలుగులో ఒకే క్రియ చాలదు. వస్తువు స్వభావాన్నీ, అది చేరే తీరునూ బట్టి తెలుగు వేర్వేరు క్రియలను కోరుతుంది. పుస్తకం బల్ల మీద పెడతారు, కూరలో ఉప్పు వేస్తారు, గ్లాసులో నీళ్ళు పోస్తారు. చొక్కా కొక్కేనికి తగిలిస్తారు, తడి బట్టలు తీగ మీద ఆరేస్తారు, సామాను బస్సు మీదికి ఎక్కిస్తారు, నెత్తిన మోసిన బరువు కిందికి దించుతారు. గాయానికి మందు రాస్తారు, కట్టు కడతారు, కంట్లో చుక్కలు వేస్తారు. ఇంగ్లీషులో వీటన్నిటికీ ‘పుట్’ ఒక్కటే సరిపోతుంది.

ధరించే సందర్భాల్లో ఈ తేడా మరీ స్పష్టం. చొక్కా, చెప్పులు, గాజులు వేసుకుంటారు. కళ్ళజోడు, గడియారం, బొట్టు, పూలు పెట్టుకుంటారు. చీర, పంచె కట్టుకుంటారు. శాలువా కప్పుకుంటారు. ఇంగ్లీషులో దాదాపు అన్నిటికీ ‘పుట్ ఆన్’ చాలు.

అయితే తెలుగు ‘పెట్టు’ కూడా ‘పుట్’ లాగే ఎన్నో రంగాలకు విస్తరించిన క్రియ. నిలబెట్టు, కూర్చోబెట్టు, పడుకోబెట్టు అన్న మాటల్లో అది భంగిమలను కల్పిస్తుంది. కనిపెట్టు, మొదలుపెట్టు, వదిలిపెట్టు, ఖర్చుపెట్టు వంటి కూటముల్లో స్థలభావం కరిగిపోయింది. వ్యాపారంలో డబ్బు పెట్టడం, ఒకరి మీద ఆశ పెట్టుకోవడం రెండు భాషల్లోనూ ఒకే రూపకంతో చెబుతారు. ఇంగ్లీషులో క్రియ తర్వాత అవ్యయం చేరితే, తెలుగులో క్రియకు ముందు మరో మాట చేరుతుంది. అర్థబలం తక్కువైన క్రియకు పొరుగు మాట కొత్త అర్థమిచ్చే పద్ధతి రెండిటిలోనూ ఒకటే.

ఈ పోలిక ఉండటం వల్లే తెలుగువారి ఇంగ్లీషులో కొన్ని పొరపాట్లు వస్తాయి. పేరు పెట్టడం ఇంగ్లీషులో ‘గివ్ ఎ నేమ్’, సెలవు పెట్టడం ‘అప్లై ఫర్ లీవ్’, కాఫీ పెట్టడం ‘మేక్ కాఫీ’, అన్నం పెట్టడం ‘సర్వ్ ఫుడ్’, సంతకం పెట్టడం ‘సైన్’, పరీక్ష పెట్టడం ‘హోల్డ్ ఎ టెస్ట్’, తాళం వేయడం ‘లాక్’, మార్కులు వేయడం ‘గివ్ మార్క్స్’. వీటిలో ‘పుట్’ వాడితే భారతదేశంలో అర్థమవుతుంది గానీ, ఇతర దేశాల శ్రోతలకు వింతగా తోస్తుంది. ఫ్యాన్ వేయమనడానికి ‘పుట్ ద ఫ్యాన్’ చాలదు, ‘ఆన్’ కూడా ఉండాలి.

రెండో రకం పొరపాటు లోపించిన కర్మది. తెలుగులో సందర్భం నుంచి తెలిసే మాటను వదిలేయవచ్చు. ‘ఎక్కడ పెట్టావు?’ అన్నది పూర్తి వాక్యం. ఇంగ్లీషులో ‘వేర్ డిడ్ యూ పుట్ ఇట్?’ అనాలి, ‘ఇట్’ లేకపోతే వాక్యం కుంటుతుంది. జవాబులోనూ అంతే. ‘అల్మారాలో పెట్టాను’ అన్న తెలుగు జవాబుకు ‘ఐ పుట్ ఇట్ ఇన్ ద కబర్డ్’ సరైన రూపం. పెట్టిన వస్తువు, పెట్టిన చోటు రెండిటినీ ప్రతిసారీ నోటితో చెప్పడం అలవాటు చేసుకుంటే ‘పుట్’ ప్రయోగంలో చాలా తప్పులు తొలగిపోతాయి. మిగిలినవి అవ్యయాలతో కలిసిన కూటములను వాక్యాల్లో వాడుతూ నేర్చుకునే కొద్దీ సర్దుకుంటాయి.